చిన్న ప్రశ్నల మనిషి

సమాధుల తోటలో ఆ ఉదయం ఉన్నవాళ్ళు: పాస్టరుగారు, పాటలు పాడటానికి ఆయన వెంట వచ్చిన ఇద్దరు స్త్రీలు, పోయిన మనిషి అక్క, ఆయన అద్దెకున్న ఇంటి యజమాని, గొయ్యి తవ్విన ఇద్దరు, నేను. ఉన్న వస్తువులు: ఎవరూ కూర్చోని నీలం ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నల్ల గొడుగు, నీళ్ళ బిందె, మా కంపెనీ పంపిన పూలచక్రం. దాని రిబ్బను మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, ఆయన పేరు చిన్న అక్షరాల్లో ఉంది.

పాట అయింది. ప్రార్థన అయింది. అందరం తలా ఒక గుప్పెడు మట్టి వేశాం. నేను చేతులు దులుపుకుంటూ గేటు వైపు నడుస్తుంటే ఆయన అక్క వెనక నుంచి పిలిచింది.

“నువ్వెవరు బాబూ?”

“కలిసి పనిచేశామమ్మా. నాలుగేళ్ళు.”

“నీతో మాటాడేవాడా?”

“రోజూ మాట్లాడేవారు.”

అరవై దాటిన మనిషి. తెల్ల చీర, చేతికి మగవాళ్ళ గడియారం. ఏడవలేదు. గొంతు మాత్రం తగ్గించింది.

“నాను ఫోన్ సేస్తే ఎత్తేవాడు కాదు. రెండేళ్ళయింది. నాను ఏటి సేసినానో సెప్పి పోలేదు. నీకేమన్నా సెప్పాడా?”

నాకు వెంటనే ఏమీ తట్టలేదు. ఆ మాటే చెప్పాను.

“పూర్ణా మార్కెట్ ఎనకాల మా ఇల్లు. చర్చి పక్క సందు, కిరాణా కొట్టు పైన. గుర్తొస్తే రా.” రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. “ఊరికే ఓదార్చడానికి రావద్దు. తెలిస్తేనే రా.”

అప్పటి నుంచి ఆయన గురించి నాకు తెలిసినవన్నీ ఒక వరసలో పెట్టుకుంటున్నాను. వరసలో పెట్టడం నాకు అలవాటు. ఇవి మాత్రం వరసలో నిలబడటం లేదు.

మొదటి ఏడాది మేం ఒకే గదిలో పనిచేశాం. సీతమ్మధారలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ మీది అంతస్తు. కింద నుంచి డ్రిల్లు చప్పుడు వచ్చినప్పుడల్లా ఆయన తన చెంప పట్టుకునేవారు. తర్వాత కంపెనీ ఆ అంతస్తు ఖాళీ చేసింది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని పనిచేసుకోమంది. నేను క్లినిక్‌కు రెండు వీధుల అవతల ఒక గదిలో ఉండేవాణ్ణి, ఇప్పటికీ ఉంటున్నాను. ఆయన దువ్వాడలో. ఆ తర్వాత మూడేళ్ళూ ఆయన నాకు ఒక గొంతు. కాబట్టి నా దగ్గర ఆయన ముఖం కంటే గొంతే ఎక్కువ ఉంది.

మా పని ఇది. ఓడరేవు పక్కన ఒక ప్రైవేటు యార్డుకు సరుకు దించే లారీలు వస్తాయి. ఏ లారీ ఏ వేళకు గేటు దగ్గరికి రావాలో చెప్పే సాఫ్ట్‌వేరు మాది. అది ఒక కంప్యూటరులో కాదు, కొన్ని కంప్యూటర్లను కలిపి కట్టిన గుంపులో నడుస్తుంది. ఆ గుంపును క్లస్టర్ అంటాం. అందులో ప్రోగ్రాములు పాడ్ అనే చిన్న గదుల్లో ఉంటాయి. ఒకే పని చేసే గదులన్నిటికీ కలిపి ఒక పేరు పెడతాం, ఆ పేరు సర్వీస్. బయటివాళ్ళు పేరునే పిలుస్తారు. ఏ గది పలికిందో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పేరు పిలిస్తే ఎవరూ పలకని రోజున మమ్మల్ని పిలుస్తారు.

అలా ఎవరైనా “సర్వీస్ రావట్లేదు” అన్నప్పుడు ఆయన అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

“ఎక్కడ్నుంచి?”

మొదట్లో నాకు అది చిరాకుగా ఉండేది. రావట్లేదంటే రావట్లేదు కదా. ఆయన టీ గ్లాసు తీసి, దాని తడి అడుగుతో బల్ల మీద ఒక గుండ్రం వేసేవారు. దాని చుట్టూ వేలితో ఇంకోటి, దాని చుట్టూ మరొకటి. “ఇది గది. ఇది ఇల్లు. ఇది వీధి. ఈ బయటున్నోడు లారీ డ్రైవరు. నువ్వు ఎక్కడ నిలబడి పిలిసావు బావా? గదిలో నిలబడి పిలిత్తే పలికిందనుకో, డ్రైవరుకి పలికినట్టు కాదు. డ్రైవరుకి పలకలేదంటే గదిలో ఎవుళ్ళూ లేరనీ కాదు.” ఆయన ఎప్పుడూ లోపలి గుండ్రంలో మొదలుపెట్టి ఒక్కో గీతా దాటుతూ బయటికి వచ్చేవారు. నాబోటివాళ్ళం బయట మొదలుపెట్టి లోపలికి పోతాం, దారిలో తప్పిపోతాం.

అందరినీ బావా అనేవారు. నన్ను, మేనేజరును, గేటు సూపర్‌వైజరును, ఒకసారి వీడియో కాల్‌లో ఉన్న ఢిల్లీ కస్టమరును కూడా. నేను మాత్రం ఆయన్ని అన్నా అనేవాణ్ణి. సార్ అంటే పలికేవారు కాదు.

జేబులో నువ్వుల జీళ్ళ పొట్లం ఉండేది. కమాండ్ కొట్టి, జవాబు వచ్చేలోగా ఒక జీడి నోట్లో వేసుకునేవారు. అది కరిగేదాకా మాట రాదు. మేం ఇళ్ళకు మారాక కాల్‌లో ఆ నిశ్శబ్దం వినగానే నాకు తెలిసేది, ఇప్పుడు నోట్లో జీడి ఉంది, ఏదో ఆలోచిస్తున్నారు అని. కొత్తగా చేరినవాళ్ళు “హలో, సార్, వినిపిస్తోందా?” అని గాభరా పడేవారు. నేను “ఆగండి” అనేవాణ్ణి.

ఎర్రర్ వస్తే దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివేవారు. మధ్యలో ఎవరైనా “అర్థమైంది, అర్థమైంది” అంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. చిన్నప్పుడు మందిరంలో వాక్యం చదివించేవారట. ఆ వరస అలాగే ఉండిపోయింది. ఎర్రర్ చివర ఒక క్షణం ఆగి, ఆమెన్ అనాల్సిన చోట “ఊఁ” అనేవారు.

ఆయనకు పడని మాట రీస్టార్ట్. “ఆపి మళ్ళీ సాలూ సేత్తే నడుత్తాది. ఏటైందో మాత్రం ఎప్పటికీ తెల్దు. నీకు నడవడం కావాలా, తెలవడం కావాలా?” మేనేజరుకు నడవడమే కావాలి. ఇద్దరికీ ఎప్పుడూ తగాదానే.

అక్కగారి ప్రశ్నకు జవాబు ఎక్కడైనా ఉందంటే, అది ఒక వేసవి మధ్యాహ్నం నుంచి మొదలవుతుందని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ రోజు గేటు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. కాల్‌లో ఆయన, నేను, మేనేజరు ఉన్నాం.

“సార్, మీ స్క్రీన్ తెల్లగా అయిపోయింది. లారీలు రోడ్డు మీదకొచ్చేసినాయి. డ్రైవర్లు దిగి నా కేబిన్ సుట్టూ నిలబడిపోయారు.”

“ఎక్కడ్నుంచి సూత్తన్నావు బావా? కేబిన్ కంప్యూటర్లోనా, నీ ఫోన్లోనా?”

“రెండిట్లోనూ రావట్లేదు.”

“బాగుంది.”

“బాగుండడం ఏటి సార్, ఈళ్ళు నన్ను కొట్టేలాగున్నారు.”

“రెండిట్లో రాలేదంటే నీ తప్పు కాదని తేలిపోయింది. ఆ మాట ఆళ్ళకి సెప్పు. నువ్వు టీ తాగు.”

మేనేజరు రీస్టార్ట్ చేద్దామన్నాడు. ఆయన వినిపించుకోలేదు. ఒక గదిలోకి వెళ్ళి, దాన్ని అక్కడి నుంచే పిలిచారు. పలికింది. అక్కడే నిలబడి పక్క గదిని దాని నంబరుతో పిలిచారు. అదీ పలికింది. తర్వాత సర్వీస్ పేరుతో పిలిచారు. ఏమీ లేదు. జీడి నిశ్శబ్దం.

“సూడు బావా,” అన్నారు చివరికి. “మనుషులున్నారు. పలుకుతన్నారు. పేరు కిందే ఎవుళ్ళూ లేరు.”

సర్వీస్ కింద గదుల జాబితా తెరిస్తే నిజంగానే ఖాళీ. ఎందుకు ఖాళీ అయిందంటే, క్లస్టర్ ప్రతి గదినీ కొన్ని సెకన్లకొకసారి ఒక ప్రశ్న అడుగుతుంది. దాన్ని ప్రోబ్ అంటారు. వరుసగా మూడుసార్లు సరైన జవాబు రాకపోతే ఆ గదిని జాబితా నుంచి తీసేస్తుంది. గదిని చంపదు. గది ఉంటుంది, లోపల పని నడుస్తుంటుంది, ఎవరినీ అటు పంపదు, అంతే.

ఆయన మా ప్రోబ్ తెరిచి పైకి చదివారు. అది ఒక ప్రశ్న కాదు, ప్రశ్నల దండ. డేటాబేస్ పలుకుతోందా, ఎస్సెమ్మెస్ పోతోందా, డిస్కులో చోటుందా, బయట లారీలు తూచే కాటా కంప్యూటరు జవాబిస్తోందా. ఒక్కో గొడవ జరిగినప్పుడల్లా మా టీమ్‌లో ఎవరో ఒకరం, మళ్ళీ అలా జరగకూడదని మంచి ఉద్దేశంతో, ఒక్కో ప్రశ్న చేర్చుకుంటూ పోయాం. ఆ మధ్యాహ్నం కాటా కంప్యూటరు నెమ్మదించింది. మా గదులన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాయి. క్లస్టర్ అన్నిటినీ జాబితా నుంచి తీసేసింది.

“లారీకి టైము ఇవ్వడానికి కాటాతో ఏటి పని?” అన్నారు. “పెళ్ళిసూపుల్లో అడిగినట్టు అడిగితే ఏ పాడ్ నిలబడుద్ది?”

“అన్నీ బాగున్నాయో లేదో తెలియాలి కదా,” అన్నాడు మేనేజరు.

“తెలవాలంటే ఏరేగా కనుక్కో. జాబితాలో ఉండాలా వద్దా అన్న కాడ అడక్కు. ఉన్నావా అని అడుగు. బాగున్నావా అని అడక్కు. బాగున్నావా అంటే ఎవుడైనా ఆలోసిత్తాడు. ఆలోసించేలోపు టైమైపోద్ది.”

ఉన్నావా అనే ఒక్కటి తప్ప మిగతా ప్రశ్నలన్నీ తీసేశారు. గదులు ఒక్కొక్కటిగా జాబితాలోకి తిరిగి వచ్చాయి. బస్తాలు లెక్కపెట్టేవాడిలా ఆయన ప్రతిదాన్నీ పైకి చదివారు. సూపర్‌వైజరు “వచ్చింది సార్” అన్నాడు. లారీల హారన్లు ఫోన్‌లోంచి మాకందరికీ వినిపించాయి.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఆయన దగ్గర్నుంచి, ఒకే మాట.

“ఉన్నావా”

నవ్వుకుని “ఉన్నాను. మీరు?” అని పెట్టాను. “ఉన్నాను” అని వచ్చింది.

మర్నాడు కూడా అదే. ఆ మర్నాడు కూడా. మొదటి వారం అది జోకు. ఆ తర్వాత జోకు కాదు, అలవాటు. కొన్నాళ్ళకు ఆ మెసేజ్ వచ్చాకే నేను మంచం దిగేవాణ్ణి. నా గదిలో రోజంతా ఎవరి గొంతూ లేని రోజులు ఉండేవి. పాల ప్యాకెట్ తలుపుకు తగిలించి పోతారు, అన్నం పార్సిల్ మెట్ల మీద పెట్టి పోతారు. ఆ రోజుల్లో నేను అన్న మాట అంటూ ఏదైనా ఉంటే అది వేళ్ళతో అన్న ఆ ఒక్క “ఉన్నాను.” ఆయనకు కూడా అంతేనేమో. అడగలేదు. మా ఒప్పందంలో అది లేదు.

ఒక ఉదయం మెసేజ్ రాలేదు.

తొమ్మిదికి నేనే “ఉన్నారా” అని పెట్టాను. పదికి మళ్ళీ. ఫోన్ చేస్తే స్విచాఫ్. పదకొండుకు మూడోసారి పెట్టి, జవాబు రాకపోయేసరికి బండి తీశాను. గాజువాక దాటి, కూర్మన్నపాలెం దగ్గర కుడివైపు తిరిగి దువ్వాడ స్టేషను వైపు. ఆఫీసు కాగితాల్లో ఉన్న అడ్రసు నా దగ్గరుంది కానీ, ఆ వీధిలోకి వచ్చాక దాని అవసరం రాలేదు. ఆ ఇల్లు నాకు చెవితో తెలుసు. కాల్‌లో రోజూ వినే చప్పుళ్ళన్నీ అక్కడ ఎదురయ్యాయి. స్టేషనులో మూడు భాషల అనౌన్స్‌మెంటు. కింద వాటాలో కుట్టుమిషను. గాలికి కొట్టుకునే రేకు. రేకు ఎక్కడుందో చూసుకుని మెట్లెక్కాను.

తలుపు ఆయనే తీశారు. లుంగీ, నుదుటి మీదికి నెట్టిన కళ్ళద్దాలు, చేతిలో గరిట.

“మూడుసార్లు అయిపోయిందా బావా?” అన్నారు.

ఫోన్ బట్టల బకెట్లో పడిందట. ఆరబెట్టడానికి బియ్యం డబ్బాలో పెట్టారట. ఆ రోజు సెలవు కాబట్టి లాప్‌టాప్ తెరవలేదట. నాకు కోపం వచ్చింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన నన్ను చూసి గరిట అటూ ఇటూ తిప్పారు. “రా, రా. సేపల పులుసు. ఒక్కడికే అని తక్కువ సేసినాను. సరిపెడదాం.”

ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద బట్టలు, పేపర్లు, ఒక పాత ఫ్యాను రెక్క. అవన్నీ తీసి మంచం మీద పెట్టారు. ఆ కుర్చీ మీద చాలాకాలంగా ఎవరూ కూర్చోలేదని అర్థమైంది. గోడకు భార్య ఫోటో. ఆవిడ పోయి మూడేళ్ళని కంపెనీలో విన్నాను. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

తింటూ ఉండగా బియ్యం డబ్బాలోంచి ఫోన్ మోగింది. ఒకసారి ఆన్ చేసి చూసి, బతకలేదనుకుని మళ్ళీ అందులోనే వదిలేశారట. ఇప్పుడు అదే బతికింది. ఏదో భక్తిపాట ట్యూను, బియ్యం కింద నుంచి, గొంతు నొక్కినట్టుగా. ఆయన లేవలేదు. ముద్ద పట్టుకుని డబ్బా వైపు చూస్తూ కూర్చున్నారు. ఆగిపోయింది. మళ్ళీ మోగింది.

“ఎత్తండన్నా.”

“మా అక్క. ఆ ట్యూను ఆవిడ ఒక్కదానికే ఎట్టాను.” ఆగేదాకా చూశారు. “పెద్ద ప్రోబ్.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“పెద్దాసుపత్రిలో నర్సు సేసి రిటైరైంది. తిన్నావా, ఏటి తిన్నావు, ఉప్పు తగ్గించావా, బీపీ సూయించుకున్నావా, ఆదివారం మందిరానికి ఎళ్ళావా. ఈ వరస తప్పదు. నాలుగింటికి సెప్పేస్తాను బావా. ఐదోదాని కాడ ఆగిపోతాను. ఎళ్ళలేదంటే ఏడుత్తాది. ఎళ్ళానంటే అబద్దం. మా అక్కకి నానెప్పుడూ అబద్దం సెప్పలేదు.”

“ఎందుకు వెళ్ళరు?”

“ఆడోళ్ళ వైపు మా ఆవిడ కూసునే సోటు ఒకటుంది. కిటికీ పక్కన. ఖాళీగా ఉంటే సూడగలనేమో. ఖాళీగా ఉండదు కదా. ఎవరో ఒకళ్ళు కూసుంటారు.”

“ఫోన్ ఎత్తకపోతే ఆవిడ ఏమనుకుంటారు?”

“కోపం వత్తాది. కోపం తగ్గుద్ది.” పులుసు గిన్నె నా వైపు జరిపారు. “తోక ముక్క తిను. ముళ్ళుంటాయి, మాటాడకుండా తిను.”

సాయంత్రం దాకా ఉన్నాను. పని గురించే మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు మెట్ల దాకా వచ్చి, “నువ్వు వచ్చావని ఎవరికీ సెప్పకు బావా. మూడుసార్లు పలక్కపోతే ఇంటికొచ్చేత్తారంటే అందరూ సెలవు పెట్టి ఆడుకుంటారు,” అన్నారు. నేను బండి తిప్పేదాకా అక్కడే నిలబడ్డారు. మర్నాడు ఎనిమిదిన్నరకు “ఉన్నావా” వచ్చింది.

మళ్ళీ ఎప్పుడూ ఆ ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళాల్సిన అవసరం రాలేదు. రోజూ జవాబు వచ్చేది.

ఆయన పోయిన రోజు కూడా వచ్చింది. ఉదయం “ఉన్నావా” అన్నారు. “ఉన్నాను. మీరు?” అన్నాను. “ఉన్నాను” అన్నారు. సాయంత్రం ఇంటి యజమాని నీళ్ళ మోటారు గురించి అడగడానికి మెట్లెక్కి చూస్తే, లాప్‌టాప్ ముందు కుర్చీలో ఉన్నారట. గుండెపోటు అన్నారు.

ఆ తర్వాత వారం క్లస్టర్లోకి వెళ్ళగలిగేవాళ్ళ జాబితా నుంచి ఆయన పేరు తీసే పని నాకే వచ్చింది. తీశాను. ఆయన రాసిన ప్రోబ్ మాత్రం అలాగే ఉంది. గదులను అది ఇప్పటికీ కొన్ని సెకన్లకొకసారి ఆ ఒక్క మాటే అడుగుతోంది.

ఆదివారం ఆరాధన అయ్యే వేళ చూసుకుని పూర్ణా మార్కెట్‌కు వెళ్ళాను. కిరాణా కొట్టు పైన ఇల్లు. ఆవిడ అప్పుడే మందిరం నుంచి వచ్చినట్టుంది, చేతిసంచీ ఇంకా భుజానే ఉంది.

“తెలిసిందా?” అంది. కూర్చోమనలేదు.

“తెలిసిందమ్మా.”

అప్పుడు కూర్చోమంది. నేను చెప్పాను. బియ్యం డబ్బా, ఆ ట్యూను, ఐదు ప్రశ్నలు, కిటికీ పక్క చోటు. ప్రోబ్ అంటే ఏమిటో, లారీల రోజున ఏమైందో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ వార్డులో డాక్టరు చెప్పేది విన్నట్టు, మధ్యలో మాట్లాడకుండా విన్నది. మీ మీద కోపంతో కాదు, మీకు అబద్ధం చెప్పలేక ఎత్తలేదు అన్నచోట గడియారం పట్టీని సర్దుకుంది.

“ఐదోది,” అంది. “ఆ ఒక్కటీ తీసేసుంటే ఎత్తేవాడా?”

“ఎత్తేవారేమోనమ్మా.”

“ఏమో ఏటి? నీ క్లస్టర్లో ఏమో అనే మాట ఉంటాదా?”

“ఉండదమ్మా.”

“మరి సరిగా సెప్పు.”

“ఎత్తేవారు.”

ఆవిడ తల ఊపింది. కింద కొట్టులో ఎవరో ఉల్లిపాయల ధర మీద గొడవ పడుతున్నారు. అది అయ్యేదాకా ఆగింది.

“మీ ఇద్దరూ రోజూ ఏటి మాటాడుకునేవోళ్ళు?”

“ఉన్నావా అని అడిగేవారు. ఉన్నాను, మీరు అనేవాణ్ణి. ఉన్నాను అనేవారు.”

“అంతేనా?”

“అంతేనమ్మా.”

“ఆ రోజు పొద్దున్న కూడా అదేనా?”

“అదే. ఉన్నాను అనే పెట్టారు.”

“నొప్పి ముందురోజు నుంచే ఉంటాది బాబూ. అలాటోళ్ళని నాను వార్డులో ఎంతమందినో సూసినాను. తినబుద్ది కాదు. తిన్నావా అని అడిగుంటే తినలేదనే సెప్పుండేవోడు. ఎందుకు తినలేదని నానడుగుదును. నొప్పని సెప్పుండేవోడు.” నా వైపు కోపంగా చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంది. “నీది సాల్లేదు. నాది ఎక్కువైపోయింది.”

ఆయన ఉండి ఉంటే ఏమనేవారో ఊహించడానికి ప్రయత్నించాను. నోట్లో జీడి వేసుకుని ఉండేవారు.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి అన్నం పెట్టింది. వద్దంటే వినలేదు. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగకుండా ఉండడానికి ఆవిడ ఎంత కష్టపడుతోందో తెలుస్తూనే ఉంది. రెండుసార్లు నోరు తెరిచి, కూర వడ్డించింది.

వచ్చేటప్పుడు నా నంబరు అడిగింది. తనే అంకెలు ఒక్కొక్కటీ నొక్కి, పైకి చదివి, సరిచూసుకుంది.

“ఫోన్ సేయనులే. టైపు సేత్తాను,” అంది.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర దాటింది. ఆయన పోయినప్పటి నుంచి ఆ వేళకు నేను మేలుకునే ఉంటాను, మంచం దిగను. స్టవ్ మీద ఏమీ లేదు. రాత్రి పార్సిల్ కూడా తెప్పించుకోలేదు. ఫోన్ మంచం పక్కన కుర్చీ మీద ఉంది. కాసేపటికి వెలిగింది.

“ఉన్నావా బాబూ”

దాని కింద టైపు చేస్తున్న గుర్తు కనిపించింది. ఆగింది. మళ్ళీ కనిపించింది, మళ్ళీ ఆగింది. చాలాసేపు అలా అయ్యాక ఇంకొకటి వచ్చింది.

“తిన్నావా”

ఆ తర్వాత గుర్తు రాలేదు. ఆవిడ అక్కడ ఆపేసింది.

ఉన్నాను అని రాశాను. రెండోదానికి తిన్నాను అని రాసి, చెరిపి, తినలేదు అని రాసి పంపాను.

ప్రశ్నలు రెండు. జవాబులు రెండు.